పాత డీజిల్ ఇంజిన్‌లో ఇంజెక్టర్లు మళ్లీ బిగించేటప్పుడు: ముందు గుంత అడుగు చూడండి

తర్వాత చదివేవారికి కూడా పనికొస్తుందని మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. టెక్కలి దగ్గర మీ ఇంట్లో నాన్నగారి 1.5 లీటర్ల డీజిల్ అంబాసిడర్ ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు షెడ్డు దెబ్బతిన్నప్పటి నుంచి బండి కదల్లేదు. ఇప్పుడు ఇంజిన్ మొత్తం విప్పించి రింగులు, బేరింగులు, వాల్వుల పని పూర్తి చేయించి హెడ్డు (సిలిండర్ల పై మూత) బిగించారు. సిలిండర్లకు డీజిల్‌ను పిచికారీ చేసే ఇంజెక్టర్లు మాత్రం ప్లాస్టిక్ సంచిలో అలాగే ఉన్నాయి. పాత వాషర్లు వేసి గట్టిగా బిగిస్తే చాలని మేస్త్రీ అంటున్నారు. టెస్టు చేయించాలా, కొత్త వాషర్లు తప్పవా, ఎంత బిగించాలి అన్నవి మీ సందేహాలు.

టెస్టు చేయించాలి. వాషర్లు కొత్తవే వేయాలి. బిగింపు మాన్యువల్‌లో ఉన్న టార్క్ (తిప్పే బలం కొలత) దగ్గర ఆగాలి. ఇంతమాత్రం చెప్పి వదిలేస్తే మీ మేస్త్రీకి మీరు నచ్చజెప్పలేరు. అందుకే కారణాలతో సహా రాస్తున్నాను. విజయనగరంలో డీజిల్ పంపు, నాజిల్ (ఇంజెక్టర్ కొసన డీజిల్ చిమ్మే భాగం) పనిలోనే నా జీవితం గడిచింది. సాలూరు లారీలు, పాత జీపులు, ట్రాక్టర్లు, మీలాంటివారి అంబాసిడర్లు నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి. రీబోరు చేసిన కొద్ది వారాలకే నాజిల్ పాడైందని తెచ్చిన బండ్లలో చాలావాటికి అసలు జబ్బు నాజిల్‌లో ఉండదు. అది కూర్చున్న గుంత అడుగున ఉంటుంది.

ఇంజెక్టర్ కింద ఉండే కాపర్ వాషరు రెండు పనులు చేస్తుంది. సిలిండర్‌లో మండే వాయువు పైకి తన్నకుండా ఆపడం మొదటిది, ఇది అందరికీ తెలుసు. రెండోది చాలామంది పట్టించుకోరు. నాజిల్ మూతి నిప్పుల దగ్గర ఉంటుంది. ఆ వేడి నాజిల్ నుంచి వాషరులోకి, వాషరు నుంచి హెడ్డులోకి, హెడ్డు నుంచి చుట్టూ తిరిగే నీటిలోకి పోవాలి. వాషరు అడుగున మసి ఉన్నా, గీత ఉన్నా, వాషరు వంకరగా కూర్చున్నా ఈ దారి మూసుకుపోతుంది. పైగా సందులోంచి ఎగదన్నే మంట నాజిల్ పక్కలను కాలుస్తుంది. లోపలి సూది బిగుసుకుంటుంది, మూతి దగ్గర డీజిల్ చుక్కలుగా కారుతుంది, కారిన డీజిల్ మళ్లీ మసి అవుతుంది. అప్పుడు కొత్త నాజిల్ తెచ్చి అదే మురికి గుంతలో పెడితే అదీ అదే దారి పడుతుంది. డబ్బు పోయేది ఇక్కడే.

ఇక "గట్టిగా బిగిస్తే లీకు ఆగుతుంది" అన్న మాట. నాజిల్ బాడీకి, లోపలి సూదికి మధ్య ఉండే ఖాళీ కొద్ది మైక్రాన్లు మాత్రమే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందుకే ఒక నాజిల్ సూదిని ఇంకో నాజిల్‌లో వేయకూడదు, అవి జతగా నూరి చేసినవి. అంత సన్నని ఖాళీ ఉన్న వస్తువును రెండు నట్లతో అదిమిపట్టి ఒకవైపు ఎక్కువ లాగితే బాడీ వెంట్రుకవాసి వంగినా సూది పట్టేస్తుంది. టెస్టు పంపు మీద చక్కగా కొట్టిన ఇంజెక్టర్ ఇంజిన్‌లో బిగించగానే నాక్ (టకటక కొట్టుడు) ఇస్తోందంటే నా మొదటి అనుమానం బిగింపు మీదే. కాబట్టి లీకు వచ్చిన చోట ఇంకో పావు తిప్పు తిప్పడం వైద్యం కాదు. విప్పి, అడుగు శుభ్రం చేసి, కొత్త వాషరు వేయడమే పద్ధతి.

ఇప్పుడు గుంతల సంగతి. మంచి టార్చి, చిన్న అద్దం దగ్గర పెట్టుకోండి. హెడ్డు బండి మీదే ఉంది కనుక లోపలికి వంగి చూడాలి. ముందుగా వెతకాల్సింది పాత వాషరును. ఇంజెక్టర్ లాగినప్పుడు అది చాలాసార్లు వెంట రాదు. ఏళ్ల తరబడి నలిగి, మసి పట్టి, హెడ్డులో భాగంలాగే కనిపిస్తుంది. కంటితో చూసి లేదని అనుకోవద్దు. మొన తేలిన సన్నని పనిముట్టుతో గుంత అడుగును మెల్లగా గీకండి. గీసిన చోట ఎర్రగా రాగి మెరిసిందంటే వాషరు ఇంకా అక్కడే ఉంది. తెల్లగా ఇనుము రంగు కనిపిస్తే అది హెడ్డు. నాలుగు గుంతల్లోనూ ఇలా చూడాలి. ఒకదానిలో వాషరు వచ్చిందని మిగిలిన మూడింటిలోనూ వచ్చి ఉంటుందని నమ్మకండి.

అంటుకున్న వాషరును తీయడానికి స్క్రూడ్రైవరుతో పొడవద్దు. కూర్చునే ముఖం మీద ఒక్క గాటు పడితే ఆ తర్వాత ఎన్ని వాషర్లు మార్చినా ఆ గాటు వెంట వాయువు తన్నుతూనే ఉంటుంది. వాషరు రంధ్రానికి పట్టేంత ట్యాపును (మరలు కోసే పనిముట్టు) చేత్తో మెల్లగా తిప్పితే దాని పళ్లు మెత్తటి రాగిని కరచుకుంటాయి, అప్పుడు నిటారుగా పైకి లాగాలి. ట్యాపు మొన వాషరు దాటి కిందికి దిగకుండా జాగ్రత్తపడండి. పాత వాషరు ఉండగానే దాని మీద కొత్తది వేసిన ఇంజిన్లు చాలా వస్తాయి. అలా వేస్తే ఇంజెక్టర్ ఉండాల్సిన ఎత్తు కంటే పైకి లేస్తుంది, మూతి లోపలికి సరిగా చేరదు, రెండు వాషర్ల మధ్య మసి పొర వేడిని ఆపేస్తుంది.

ఈ తరహా ఇంజిన్లలో చాలావాటికి కాపర్ వాషరు కాకుండా నాజిల్ మూతి దగ్గర వంపు లేదా ముడత ఉన్న పల్చని వాషరు ఇంకొకటి ఉంటుంది. అది వేడిని అడ్డుకునే కవచం. తీసేటప్పుడు దాని వంపు ఏ వైపు ఉందో ఫోటో తీసుకోండి, మాన్యువల్‌లోని బొమ్మతో పోల్చండి. అంతకుముందు ఎవరో తలకిందులుగా వేసి ఉంటే దాన్ని చూసి మళ్లీ అలాగే వేయకుండా ఉండటానికి ఈ పోలిక.

వాషర్లు తీశాక గుంత శుభ్రం చేయాలి. మసి రాలి లోపలికి పోకుండా అడుగు రంధ్రంలో గ్రీజు రాసిన చిన్న గుడ్డముక్క పెట్టండి. దాని కొస బయటికి కనిపించేంత పొడవుగా ఉంచండి, లోపలికి జారిపోతే హెడ్డు మళ్లీ విప్పాల్సి వస్తుంది. ఇత్తడి బ్రష్షుతో తిప్పుతూ మసి తీయండి, స్టీలు బ్రష్షు వద్దు. రాలిన పొడిని వాక్యూమ్‌తో లాగండి. మీ హెడ్డుకు వాల్వులు నూరించారన్నారు కదా, ఆ గ్రైండింగు పేస్టు ఇంజెక్టర్ గుంతల్లో చిక్కుకుని ఉండవచ్చు. అది ఇసుకతో సమానం, వేలితో తడిమితే గరగరలాడుతుంది. మొత్తం తుడిచి, గుడ్డముక్కలు తీసి లెక్క చూసుకున్నాక, ఇంజెక్టర్లు లేకుండానే ఇంజిన్‌ను నాలుగైదు చుట్లు తిప్పండి. మిగిలిన పొడి గాలితో బయటికి వచ్చేస్తుంది. ఆ సమయంలో గుంతల మీదికి ముఖం పెట్టవద్దు.

ఇంజెక్టర్ల టెస్టు గురించి. ఇన్నేళ్లుగా కదలని బండి, పైగా సముద్రపు గాలి తగిలే చోటు. టెక్కలి నుంచి తీరం ఎంతో దూరం లేదు. ఉప్పు తేమకు సూది మీద కంటికి కనిపించని తుప్పు చుక్క పడినా చాలు, అది ఆడదు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో పంపు, నాజిల్ పని చేసే షాపుకు నాలుగింటినీ పట్టుకెళ్లండి. ఏది ఏ సిలిండర్‌దో చీటీ కట్టి తీసుకెళ్లండి. వీలైతే దగ్గర నిలబడి చూడండి.

చూడాల్సినవి ఇవి. ఎంత ఒత్తిడి దగ్గర తెరుచుకుంటోంది అన్నది మొదటిది. ప్రీ-చాంబరు (సిలిండర్ పైన డీజిల్ ముందుగా మండే చిన్న గది) ఉన్న ఈ పాత ఇంజిన్లలో అది సాధారణంగా 100 నుంచి 150 బార్ల మధ్య ఉంటుంది, మీ ఇంజిన్‌కు చెప్పిన కచ్చితమైన అంకె మాన్యువల్‌లో చూసి షాపువారికి చెప్పండి. ఇప్పటి కామన్ రైల్ బండ్లలో ఒత్తిడి 1,000 బార్లు దాటిపోతుంది కాబట్టి కొత్తవాళ్లకు ఈ అంకె మరీ తక్కువగా అనిపిస్తుంది, కంగారు పడవద్దు. నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉండటం ముఖ్యం. ఒకటి ముందు తెరుచుకుని ఇంకొకటి ఆలస్యంగా తెరుచుకుంటే ఐడిల్‌లో ఇంజిన్ ఊగుతుంది. తక్కువ ఒత్తిడికే తెరుచుకునేదాన్ని స్ప్రింగు దగ్గర స్క్రూతోనో షిమ్ము (పల్చని రేకు బిళ్ల) తోనో సరిచేస్తారు. రెండోది చుక్క. తెరుచుకునే ఒత్తిడికి 10 నుంచి 20 బార్లు తక్కువలో పట్టి ఉంచి పది సెకన్లు చూస్తే మూతి తడి కావచ్చు గానీ చుక్క రాలకూడదు. మూడోది పిచికారీ. సన్నని మంచులా సమంగా రావాలి, పక్కకు తీగలా సాగకూడదు.

నాలుగోది చప్పుడు. ఇది చూసేదానికంటే వినేది. టెస్టు పంపు పిడిని మెల్లగా నొక్కితే మంచి నాజిల్ గుర్రుగుర్రుమని గరగరలాడుతుంది. సూది వేగంగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండటం వల్ల వచ్చే శబ్దం అది. ఏ చప్పుడూ లేకుండా జుయ్‌మని నూనె పోసినట్టు పోతే సూది ఆడటం లేదని, లేదా కూర్చునే చోటు అరిగిందని అర్థం. అలవాటైన చెవి గేజీ చూడకముందే నాజిల్ బాగోగులు పట్టేస్తుంది. షాపువారిని అడిగి ఒక మంచి నాజిల్‌ను, ఒక పాడైన నాజిల్‌ను పక్కపక్కన కొట్టించుకుని వినండి. మళ్లీ మరచిపోరు.

మీ బండిలో పింటాక్స్ రకం నాజిళ్లు ఉంటే మూతికి పక్కన సన్నని రంధ్రం ఇంకొకటి ఉంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, ఆ రంధ్రం నుంచి డీజిల్ ప్రీ-చాంబరులో బాగా వేడిగా ఉండే భాగం వైపు పోతుంది, చలిలో స్టార్టు కావడానికి అదే ఆధారం. ఇంజిన్ పరుగందుకున్నాక ప్రధాన రంధ్రం పని మొదలవుతుంది. ఆ సన్నని రంధ్రం మసితో పూడితే, మిగతా టెస్టులన్నీ బాగున్నా పొద్దున్నే బండి మొరాయిస్తుంది. హీటర్ ప్లగ్గులు మార్చి మార్చి విసిగిపోతారు. షాపులో ఈ పిచికారీ కూడా వస్తోందా అని ప్రత్యేకంగా అడగండి. దాన్ని తెరవడానికి వాళ్ల దగ్గర అందుకోసమే సన్నని తీగ ఉంటుంది. ఇంట్లో గుండుసూదితో ప్రయత్నించవద్దు.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. పిచికారీ ముందు చెయ్యి పెట్టవద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా, పెద్దగా నొప్పి లేకుండా కనిపిస్తుంది, లోపల కండ చచ్చిపోతుంది. అలా జరిగితే కట్టు కట్టుకుని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. అది ఆపరేషన్ చేయాల్సిన గాయం. ఇంజిన్ నడుస్తుండగా పైపు లీకును వేలితో వెతికే అలవాటు కూడా ఇందుకే మానాలి, అట్టముక్కతో చూడండి.

టెస్టు నుంచి వచ్చాక వెంటనే బిగించేయాలనిపిస్తుంది. ఆగండి. ట్యాంకు సంగతి చూశారా? 2018 నాటి డీజిల్, పైన తుఫాను నీళ్లు. ట్యాంకు దించి పూర్తిగా ఖాళీ చేయించి కడిగించండి, అడుగున జిగురులాంటి నల్లని మడ్డి తప్పక ఉంటుంది. లైన్లు గాలితో ఊదించి, ఫిల్టరు కొత్తది వేయండి. నీరు కలిసిన డీజిల్ ఒక్కసారి పోయినా టెస్టు చేయించిన నాజిళ్లు మళ్లీ మొదటికి వస్తాయి. పంపులోని రబ్బరు సీళ్లు కూడా ఇన్నేళ్లకు గట్టిపడి ఉంటాయి, పంపును కూడా అదే షాపులో ఒకసారి చూపించడం మంచిది.

ఇప్పుడు బిగింపు. కొత్త వాషరును గుంతలో పడేయకుండా నాజిల్ మూతికి కొద్దిగా గ్రీజుతో అంటించి, ఇంజెక్టర్‌తో పాటే నిటారుగా దింపండి. పడేస్తే అది నిలువునా ఇరుక్కుని, మీకు తెలియకుండానే మడతపడుతుంది. పాత రాగి వాషరును ఎర్రగా కాల్చి మెత్తబరిచి మళ్లీ వాడే పద్ధతి ఉంది. పైపుల యూనియన్ల దగ్గర దాన్ని నేను ఒప్పుకుంటాను. ఇంజెక్టర్ కింద ఒప్పుకోను, ఒకసారి నలిగిన వాషరు మందం అంతటా ఒకేలా ఉండదు. గ్యాస్కెట్ పేస్టు, సిలికాన్ లాంటివి అక్కడ అసలు వద్దు. అవి మండి మసి అవుతాయి, వేడి దారిని మూస్తాయి. ఇంజెక్టర్ బాడీ పక్కలకు మాత్రం పల్చగా కాపర్ గ్రీజు రాయండి, కూర్చునే ముఖానికి తగలనివ్వకండి. మన తీరపు గాలికి బాడీ గుంతలో తుప్పుపట్టి పట్టేస్తే తర్వాత ఊడదీయడం నరకం.

నట్లను వేళ్లతో తగిలించి వదిలేయండి. ఇంకా బిగించవద్దు. ఈ వరుస ముఖ్యం. ముందు స్టీలు పైపును పంపు దగ్గర, ఇంజెక్టర్ దగ్గర రెండు కొసలా వేళ్లతోనే ఎక్కించాలి. నట్టు మరలు వేళ్లకు సులువుగా ఎక్కాయంటే ఇంజెక్టర్ సరైన వైపు తిరిగి కూర్చుంది. ముందే ఇంజెక్టర్‌ను బిగించేస్తే పైపు నట్టు వంకరగా ఎక్కుతుంది, స్పానరుతో బలవంతం చేస్తే మరలు పోతాయి. పైపును వంచి సరిపెట్టడం కూడా వద్దు, ఆ పైపుల పొడవు సమానంగా ఉండాలని లెక్కగట్టి చేసినవి. నాలుగు పైపులూ ఏది ఏ సిలిండర్‌దో చీటీ చూసి ఎక్కించండి. మీ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డరు, అంటే సిలిండర్లు మండే వరుస, 1-3-4-2. రెండు పైపులు తారుమారైతే బండి పొగ తన్నుతుంది గానీ పనిచేయదు, టైమింగు తప్పిందనుకుని అందరూ పంపు మీద పడతారు.

పైపులు ఎక్కాక ఇంజెక్టర్ నట్లను అటు కొంచెం, ఇటు కొంచెం బిగిస్తూ రండి. ఫ్లాంజి రెండు వైపులా హెడ్డుకు సమానమైన ఎత్తులో దిగుతోందా అని కన్నుపెట్టి చూడండి. చివరి బిగింపు టార్క్ రెంచితో, మాన్యువల్‌లో ఉన్న అంకెకు, రెండు మూడు విడతల్లో చేయాలి. మీ మేస్త్రీ దగ్గర రెంచి లేకపోతే అద్దెకైనా తెచ్చుకోండి. చేతి అంచనా బాగా ఉన్న మేస్త్రీలు ఉన్నారు, కాదనను. అయినా మీ ఇంజెక్టర్ నట్లు పెద్దవి కావు, హెడ్డు బోల్టులకు అలవాటైన చేయి వాటిని తెలియకుండానే ఎక్కువ లాగుతుంది. ఆ తర్వాత పైపు నట్లు బిగించండి, ఇంజెక్టర్ వైపు యూనియన్‌ను ఇంకో స్పానరుతో పట్టుకోండి. చివరగా మిగులు డీజిల్‌ను వెనక్కి పంపే రిటర్న్ పైపు, దాని బాంజో బోల్టులకు (మధ్యలో రంధ్రం ఉన్న బోల్టులు) రెండు పక్కలా కొత్త వాషర్లు. ఇక్కడ లీకైతే ఇంజిన్ నడుస్తుంది గానీ డీజిల్ హెడ్డు మీద కారి, ఇంజెక్టర్ అడుగు లీకేమో అని తికమక పెడుతుంది.

డీజిల్ లైన్లలో చిక్కిన గాలి తీయడం గురించి పొడుగ్గా చెప్పను. మీ ఫోటోలో ఉన్నది డీపీఏ రోటరీ పంపు. ముందు ఫిల్టరు దగ్గర, తర్వాత పంపు మీద గాలి వదిలే రెండు బ్లీడ్ స్క్రూల దగ్గర చేతి పంపు కొడుతూ బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా వదలండి. ఆ తర్వాత ఇంజెక్టర్ల దగ్గర రెండు పైపు నట్లు ఒక చుట్టు వదులు చేసి, ఆక్సిలరేటరు నొక్కి సెల్ఫ్ కొట్టండి. డీజిల్ వచ్చాక బిగించేయండి. సెల్ఫ్ ఒకేసారి 15 సెకన్లకు మించి కొట్టవద్దు, మధ్యలో మోటారు చల్లారనివ్వండి. హీటర్ ప్లగ్గులు వేడెక్కే సమయం ఇవ్వకుండా తొందరపడి సెల్ఫ్ కొట్టడం వల్లే కొత్త ఇంజిన్లకు సగం ఇబ్బంది.

స్టార్టయ్యాక మొదట్లో తెల్ల పొగ రావడం మామూలే, చల్లని ఇంజిన్‌లో మండని డీజిల్ అది. ఇంజిన్ వేడెక్కినా తగ్గకపోతే చూడాలి. ఒక సిలిండర్‌లో నాక్ వినిపిస్తే ఐడిల్‌లో ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టును గుడ్డ కప్పి కొద్దిగా వదులు చేయండి. ఏది వదులు చేసినప్పుడు నాక్ పోయిందో అక్కడి ఇంజెక్టర్‌నే అనుమానించాలి. ఏదైనా ఒక నట్టు వదులు చేసినప్పుడు ఇంజిన్ శబ్దంలో తేడా రాలేదంటే ఆ సిలిండర్ ముందు నుంచే పనిచేయడం లేదు. నల్ల పొగ ఆగకుండా వస్తుంటే నాజిల్ కారుతోందేమో మళ్లీ టెస్టుకు పంపండి.

వాషరు దగ్గర తన్నుతోందా అన్నది చెవికి తెలుస్తుంది, ఇంజెక్టర్ మొదట్లో చుఫ్ చుఫ్‌మని ఇంజిన్ వేగంతో పాటు కొట్టుకుంటుంది. అనుమానంగా ఉంటే ఇంజెక్టర్ చుట్టూ సబ్బునీళ్లు కొద్దిగా వేసి చూడండి, బుడగలు వస్తే తేలిపోతుంది. ఇంజిన్ ఒకసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక నట్ల టార్క్‌ను మళ్లీ ఒకసారి సరిచూడండి. నరసన్నపేట వరకు వెళ్లి వచ్చాక బానెట్ తెరిచి నాలుగింటి మొదళ్లూ చూడండి. పొడిగా ఉండాలి. నల్లగా తడి కనిపిస్తే స్పానరుతో ఇంకా బిగించకుండా, చల్లారనిచ్చి విప్పండి, కొత్త వాషరు వేయండి. అందుకని వాషర్లు నాలుగే కాకుండా ఒక సెట్టు అదనంగా కొనిపెట్టుకోండి.

మేస్త్రీతో గొడవపడకండి. మిగతా ఇంజిన్ పని ఆయన శ్రద్ధగా చేసినట్టు మీ ఫోటోల్లో కనిపిస్తోంది. తీసిన పాత వాషరును ఆయన చేతిలో పెట్టి, దాని మీద మంట తన్నిన నల్ల చార చూపించండి, ఆయనే కొత్తవి తెమ్మంటారు. టెస్టు అయ్యాక నాలుగు ఇంజెక్టర్లూ ఏ ఒత్తిడి దగ్గర తెరుచుకున్నాయో సిలిండర్ల వారీగా రాసి పంపండి. ఏది సరిచేయాలో, ఏది మార్చాలో చూసి చెబుతాను.